కరెంటు పోయిన సాయంత్రం ఏం చేద్దాం? హుద్‌హుద్ రోజుల్లో మా మామ్మ పెట్టిన పద్ధతి

నమస్కారం అండీ. పోయిన వారం సాయంత్రం ఆరున్నరకి మా ఇంట్లో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. మా పాపకి ఎనిమిదేళ్ళు. నా దగ్గరికి వచ్చి, "అమ్మా, వైఫై లేదు, టీవీ లేదు. ఇప్పుడేం చేద్దాం?" అని అడిగింది. నిజంగానే దిగులుగా అడిగింది. దానికి ఆ రాత్రి నేను చెప్పినవే మీకూ చెబుతాను.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీదే తీరం దాటింది. గాలి గంటకి సుమారు 180 కిలోమీటర్ల వేగం. చెట్లు, కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలిపోయాయి. సెల్ టవర్లు పనిచేయలేదు. సోమవారం పొద్దున్న ఎండ కాసింది, కానీ ఊళ్ళో పచ్చటి కొమ్మ ఒక్కటి నిలబడి లేదు. మా వీధికి కరెంటు వచ్చింది ఏడో రోజు రాత్రి.

చీకటి కంటే ముందు ఇబ్బంది పెట్టింది నీళ్ళు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై ట్యాంకులోకి నీళ్ళు ఎక్కవు. మాది మూడో అంతస్తు. తుఫాను వస్తోందని ముందే చెప్పారు కాబట్టి నాన్న శనివారమే డ్రమ్ములు, బిందెలు అన్నీ నింపి పెట్టారు. అపార్ట్‌మెంట్ ట్యాంకు సోమవారం సాయంత్రానికే ఖాళీ. ఆ తర్వాత వీధి చివర ఉన్న బోరింగే దిక్కు. పొద్దున్నే వరసలో నిలబడి, బోరింగు కొట్టి నీళ్ళు పట్టుకుని, బకెట్లతో మెట్లెక్కడం. అప్పుడు మా మామ్మ ఒక లెక్క పెట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెల మొదటి కడుగుకి, ఆ గిన్నెలు కడిగిన నీళ్ళు బాత్రూంలోకి. ఒక్క చెంబు నీళ్ళు కూడా ఒకసారి వాడి పారబోయనివ్వలేదు. ఇప్పటికీ కరెంటు పోగానే నేను మొదట చూసేది ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయనే. మీరూ అదే చూడండి.

రెండోది ఫోను. సిగ్నల్ లేనప్పుడు ఫోను టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, ఆ వెతుకులాటకే ఛార్జింగ్ అయిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూసుకోండి. మేము ఇంట్లో నాలుగు ఫోన్లలో ఒక్కదాన్నే ఆన్ చేసి ఉంచాం. మూడో రోజు హైదరాబాద్‌లో ఉన్న అత్తయ్యకి ఫోను కలిసింది. ఒక్క నిమిషం మాట్లాడాం. ఆ నిమిషం కోసమే మిగిలిన ఛార్జింగ్ అంతా దాచుకున్నాం.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే లోపల చల్లదనం నాలుగు గంటల దాకా నిలుస్తుంది. ఊరికే తెరిచి చూడకండి. పాలు, మాంసం లాంటివి ఆ తర్వాత వాడకపోవడమే మంచిది.

ఇక సాయంత్రాలు. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. పగలంతా ఏదో ఒక పని ఉంటుంది, కాలం తెలియదు. పొద్దు వాలిన దగ్గర్నుంచి నిద్ర వేళ దాకా ఉన్న ఆ మూడు గంటలే కదలవు. మొదటి రెండు రోజులూ మేము తలా ఒక మూల పడుకుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని పైకప్పు చూస్తూ గడిపాం. ఒకరి మీద ఒకరు విసుక్కున్నాం. మూడో రోజు మామ్మ లేచి, "వెలుతురు ఉండగానే వండేద్దాం, తినేద్దాం, గిన్నెలు కడిగేద్దాం. చీకటి పడ్డాక అందరూ హాల్లోకి రావాలి" అంది. ఇంట్లో ఒక్క దీపమే. స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టింది. ఒరిగినా నీళ్ళలో పడి ఆరిపోతుంది, పురుగులూ ఆ నీళ్ళలోనే పడతాయి. (ఇప్పుడైతే టార్చి మీద నీళ్ళ సీసా నిలబెట్టండి, వెలుగు గదంతా పరుచుకుంటుంది. కొవ్వొత్తి వెలిగిస్తే మాత్రం కర్టెన్లకి దూరంగా పెట్టండి, వెలుగుతుండగా నిద్రపోకండి.)

ఆ వెలుగులో అష్టాచమ్మా మొదలైంది. నేల మీద సుద్దముక్కతో ఐదు వరసల్లో ఐదేసి గళ్ళు. గవ్వలు లేవు. అమ్మ చింతగింజలు తెచ్చి రెండుగా పగలగొట్టి, లోపలి తెలుపు నున్నగా తేలేదాకా గట్టు మీద అరగదీసింది. నాలుగు బద్దలూ తెల్లగా పడితే చమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. ఏది పడినా మళ్ళీ ఆట మనదే. మా నాన్న ఎప్పుడూ పెద్దగా మాట్లాడరు. ఆయన మా అమ్మ కాయని చంపి, చప్పట్లు కొట్టి నవ్వడం నేను ఆ రోజే చూశాను. మా అన్నయ్య కొడుకు చిన్నవాడు, ఆటలో ఓడిపోయి ఏడిస్తే మామ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు. ఏంటో చెప్పు" అంది. వాడు ఆలోచిస్తూ ఆలోచిస్తూ కళ్ళు మూసుకున్నాడు. జవాబు అదే, కనురెప్పలు. చెప్పకుండానే నిద్రపోయాడు.

ఉక్క ఎక్కువైన రాత్రి చాపలు తీసుకుని మేడ మీదికి వెళ్ళాం. పౌర్ణమి వెళ్ళి వారం అయింది, చంద్రుడు ఆలస్యంగా వస్తున్నాడు. ఊళ్ళో ఒక్క వీధి దీపం లేదు. విశాఖలో అన్ని చుక్కలు నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తొమ్మిదింటికి సముద్రం వైపు చిన్న గుంపుగా కనిపించిన చుక్కల్ని చూపించి, మామ్మ "అదిగో పిల్లలకోడి" అంది. కృత్తికలు అంటారే, అవే. ఈ నెలలో అది నడినెత్తికి వచ్చిందంటే రాత్రి రెండైనట్టు అని చెప్పింది. నిద్ర పట్టక నేను మెలకువగానే ఉన్నాను. నడినెత్తికి రాగానే చేతి గడియారం చూశాను. రెండు దాటి పది నిమిషాలు.

ఆ తర్వాత మా నగరంలో ప్రపంచ బ్యాంకు సాయంతో చాలా చోట్ల కరెంటు తీగలు భూమిలోంచి వేశారు. మంచి పని. తుఫాను రోజుల్లో వేరే జిల్లాల నుంచి వచ్చి, మా వీధిలో స్తంభాలు ఎక్కి పనిచేసిన లైన్‌మెన్లకి మామ్మ రెండు పూటలా టీ పంపింది. ఇప్పుడు కరెంటు పోతే ఫిర్యాదుకి 1912 ఉంది. ఫోను చేయండి, కానీ ఎత్తినవాళ్ళ మీద అరవకండి. స్తంభం దగ్గర ఉన్నది వాళ్ళు కాదు.

ఇన్వర్టర్ ఎన్ని గంటలు వస్తుందని చాలామంది అడుగుతున్నారు. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అంటే, దాని 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్-అవర్లు. మామూలు ఫ్యాన్ ఒకటి 75 వాట్లు తింటుంది. రెండు ఫ్యాన్లు, పదేసి వాట్ల ఎల్ఈడీ బల్బులు మూడు వేస్తే మొత్తం 180 వాట్లు, కాగితం మీద పది గంటలు, మధ్యలో నష్టాలు పోను ఇంకా తక్కువ. బ్యాటరీ పాతదైతే సగం అనుకోండి. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ అయితే ముప్పై వాట్ల చుట్టుపక్కలే, అక్కడ చాలా కలిసొస్తుంది. కరెంటు పోగానే ఫ్రిజ్, ఏసీ స్విచ్‌లు ఆపేయండి. వచ్చాక కాసేపు ఆగి, ఒక్కొక్కటే వేయండి.

పోయిన వారం మా పాపకి చింతగింజలు ఎలా అరగదీయాలో చూపించాను. గట్టు మీద గంటసేపు కూర్చుని నాలుగు బద్దలూ అదే అరగదీసింది. పొడుపు కథలు మాత్రం నాకు తెలిసినవి అన్నీ ఒక్క రాత్రికే అయిపోయాయి, ఇంకా కావాలంటోంది. మీ మామ్మలు, అమ్మమ్మలు చెప్పినవి ఉంటే కింద రాయండి. జవాబు మాత్రం రాయకండి, దాన్నే ఆలోచించుకోనివ్వండి.