అవ్వ చట్టి అంచు: కట్టెల ఆవంలో కాల్చిన చట్లు చేయించుకుంటే

(చట్టి మీద వేలితో తట్టిన శబ్దం)

నేను: ఈ టంగ్‌మనే మోత విన్నారు కదా? ఐదు వారాలు దీనికోసమే ఎదురుచూశాను. అనంతపురం నుంచి తాడిపత్రి పోయే దారిలో ఒక కుమ్మరి అన్న ఇంటిముందు కూర్చున్నాం. నేను చేయించుకున్న ఆరు సంగటి చట్లు నిన్ననే ఆవంలోంచి, అంటే కుండలు కాల్చే బట్టీలోంచి, బయటికొచ్చాయి. అన్నా, ఆ మోతలో మీకేం తెలుస్తుంది?

అన్న: బాగా కాలి, బీట లేకుంటేనే ఇట్లా మోగుతుందమ్మా. బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. కంటికి కనపడని బీట కూడా చెవికి దొరుకుతుంది. కొనేవాళ్లు తట్టి చూసుకోవాల, మేమేం అనుకోం.

నేను: మొదటిరోజు నేను ఫోన్‌లో ఫొటో చూపిస్తే మీరు పక్కన పెట్టేశారు.

అన్న: ఫొటోలో లోతు తెలియదు, బరువు తెలియదు. అందుకే ఇంట్లో ఎంతమంది, ఏం వండుతారు అని అడిగినా. సంగటి గెలికేటప్పుడు తెడ్డు బలమంతా అడుగు మీద పడుతుంది. అడుగు మందంగా ఉండాల. పులుసు చట్టికి అంత మందం అక్కర్లేదు.

నేను: అప్పుడే మా అవ్వ చట్టి పెంకు తెచ్చిచ్చాను. చట్టి పగిలి ఎన్నేళ్లయినా అమ్మ ఆ పెంకు పారేయలేదు. అంచు బయటికి వంగి ఉంటుంది, గుడ్డతో పట్టుకుని దించడానికి వీలుగా.

అన్న: వంద ఫొటోల కన్నా ఆ పెంకు నయం.

నేను: కొలత దగ్గర మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. 10 అంగుళాల మూతి అడిగితే సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద, 11 దాటింది.

అన్న: ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత మట్టి కుంచించుకుపోతుంది. మా చెరువు మట్టి నూటికి పది దాకా తగ్గుతుంది. అందుకే మూతలు కావాలంటే ముందే చెప్పాల. అదే మట్టితో, చట్టితో పాటే చేస్తే సరిగ్గా కూర్చుంటాయి.

నేను: ఆరు చట్లకు ఐదు వారాలా అని మా ఇంట్లో ఒకటే అడగడం.

అన్న: సారె మీద పని ఒక్కరోజుదే. కొంచెం ఆరినాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూస్తాం. తర్వాత నీడలో ఆరాల. ఎండలో పెడితే అంచు ముందు ఆరి చీలుతుంది. ఆరు చట్ల కోసమని ఆవం వెలిగించలేం కదమ్మా. కుండలు, ప్రమిదలు, పూలకుండీలు అన్నీ చేరి ఆవం నిండితేనే కట్టెల ఖర్చు గిట్టుతుంది.

నేను: వెలిగించిన రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. చాలాసేపు పొగే తప్ప మంట లేదు.

అన్న: మట్టిలో మిగిలిన చెమ్మ నిదానంగా పోవాల. తొందరపడి మంట పెంచితే ఆ చెమ్మ ఆవిరై చట్టి పేలిపోతుంది. మాకు భయమంతా ఆ మొదటి మంట దగ్గరే. తర్వాత కంప కట్టెలు, చెనక్కాయ పొట్టు దండిగా వేస్తాం. చల్లారేదాకా తెరవం. ఎంత జాగ్రత్తపడినా ఒకటో రెండో పోతాయి, అందుకే మీ ఆరుకు ఎనిమిది చేసినా.

నేను: వినేవాళ్ల కోసం చెప్తున్నా. ఇలాంటి ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీలు. పింగాణీకైతే 1200 దాటాలి. అంత వేడి తగలదు కాబట్టే ఈ మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీళ్ల కుండలోంచి చెమ్మ ఊరి, ఆరిపోతూ నీళ్లను చల్లబరిచేది వాటివల్లే. అన్నా, ఈ నల్లమచ్చ?

అన్న: గాలి ఆడినచోట ఎరుపు, పొగ కమ్మినచోట నలుపు. మట్టి ఒకటే. అన్నీ ఒకే రంగులో కావాలంటే మాత్రం నేను మాటివ్వలేను.

నేను: నాకైతే మచ్చ ఉన్న చట్టే ఎక్కువ నచ్చింది. ఇంటికి తీసుకెళ్లాక ఏం చేయాలి?

అన్న: ఒకరోజంతా నీళ్లలో నాననీండి. తర్వాత గంజి పోసి సన్నమంట మీద కాగబెట్టండి. వేడి చట్టిలో చన్నీళ్లు పోయొద్దు. ఇండక్షన్ స్టవ్ మీద ఇవి పనికిరావు.

నేను: చేయించుకోవాలంటే ఎప్పుడు రావాలి?

అన్న: సంక్రాంతి కాగానే వస్తే మంచిది. ఎండలు ముదిరితే నీళ్ల కుండలతో సారె ఖాళీ ఉండదు. సెప్టెంబర్, అక్టోబర్‌లో వానలు, ఆ వెంటనే దీపావళి ప్రమిదలు.

నేను: మరి ఎనిమిదిలో ఎన్ని నిలిచాయి?

అన్న: ఏడు. ఏడోది మీ అమ్మకివ్వండి, దానికి డబ్బులొద్దు. ఆ పెంకు మాత్రం నా దగ్గరే ఉంచుకోనా? ఇంకెవరైనా ఈ అంచు అడిగితే చూపిస్తా.

నేను: ఉంచుకోండన్నా.