యూజర్‌డెల్ కొట్టే ముందు యూఐడీ నంబర్ చూసుకోండి

నమస్కారం అండీ. అమీర్‌పేట్‌లో లినక్స్ నేర్చుకుంటున్నవాళ్లు, కొత్తగా అడ్మిన్ పనిలో చేరినవాళ్లు, ఈ వీడియో మీకోసమే. ఉద్యోగి మానేశారు, అకౌంట్ తీసేయమని మెయిల్ వచ్చింది. వెంటనే యూజర్‌డెల్, అంటే అకౌంట్ తీసేసే కమాండ్, కొట్టకండి.

మాదాపూర్‌లో ఒక ఆఫీసులో నేను అలాగే కొట్టాను, హైఫన్ ఆర్ కూడా కలిపి. హైఫన్ ఆర్ పెడితే హోమ్ డైరెక్టరీ, లోకల్ మెయిల్ అన్నీ పోతాయి. రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టు ఆ హోమ్‌లోనే ఉండేదని మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆ టెన్షన్ మీకు రాకూడదు.

అందుకే ముందు తాళం వేయండి. టెస్ట్ కోసం రవి అనే యూజర్‌ని పెట్టాను, స్క్రీన్ చూడండి. సుడో యూజర్‌మాడ్, హైఫన్ క్యాపిటల్ ఎల్, హైఫన్ ఈ, ఒకటి, రవి. సుడో అంటే అడ్మిన్ హక్కులతో నడపడం, యూజర్‌మాడ్ అంటే అకౌంట్‌ను మార్చే కమాండ్. చాలామంది ఎల్‌తోనే ఆపేస్తారు. అది పాస్‌వర్డ్‌ను మాత్రమే ఆపుతుంది, పాస్‌వర్డ్ లేకుండా దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కీ ఉంటే ఇంకా లోపలికి రావచ్చు. హైఫన్ ఈ పక్కన ఒకటి పెడితే అకౌంట్ గడువు 1970 జనవరి 2కే ముగిసినట్టు లెక్క. యూనిక్స్ రోజులు లెక్కపెట్టేది 1970 జనవరి 1 నుంచి కదా.

తర్వాత సుడో పీకిల్ హైఫన్ యూ రవి. రవి పేరుతో నడుస్తున్న ప్రాసెస్‌లు ఆగిపోతాయి. క్రాన్‌ట్యాబ్, అంటే టైముకు వాటంతటవే నడిచే పనుల లిస్టు, కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. సుడో ఫైండ్, స్లాష్, హైఫన్ యూజర్, రవి. డిస్క్ మొత్తంలో రవి పేరున ఉన్న ఫైళ్లను ఇది వెతుకుతుంది. చూశారా, హోమ్ బయట కూడా ఎన్ని ఫైళ్లు ఉన్నాయో! వీటిని అలాగే వదిలి అకౌంట్ తీసేస్తే, ఫైళ్ల లిస్టు కోసం ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టినప్పుడు పేరు ఉండాల్సిన చోట 1007 అని ఉత్త నంబర్ కనిపిస్తుంది. అదే యూఐడీ, అంటే యూజర్ నంబర్. సిస్టమ్‌కు ఫైలు ఎవరిదో తెలిసేది ఆ నంబర్‌తోనే. ఆఖరున చేరిన యూజర్‌ని తీసేశారనుకోండి, రేపు చేరే అమ్మాయికి అదే 1007 వస్తుంది. పాత ఫైళ్లన్నీ ఆమెవైపోతాయి. జీతాల షీటు అందులో ఉంటే? ఇది నిజంగా ప్రమాదం అండీ.

కాబట్టి పనికొచ్చే ఫైళ్లను, ఓనర్‌ను మార్చే చౌన్ కమాండ్‌తో టీమ్‌లో ఇంకొకరి పేరుకు మార్చండి. హోమ్‌ను టార్ చేసి, అంటే ఒకే ఫైలుగా కట్టి, వేరే డిస్క్‌లో పెట్టండి, ఆ టార్ తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి. అప్పుడు సుడో యూజర్‌డెల్ హైఫన్ ఆర్ రవి.

చివరగా సుడో ఫైండ్, స్లాష్, హైఫన్ నోయూజర్. ఓనర్ లేకుండా మిగిలిన ఫైళ్లను ఇది చూపిస్తుంది. డిస్క్ పెద్దదైతే కాస్త ఆగాలి... స్క్రీన్ మీద ఒక్క ఫైలు కూడా రాలేదు. ఇక ఆ మెయిల్‌కు డన్ అని రిప్లై ఇవ్వొచ్చు.