180 ప్యాకేజీలు, ఒక బేరం: ఇన్‌స్పైర్ వెనక ఉన్న టీమ్ రివ్యూ

నమస్తే అండీ. ముందు ఒక చిన్న లెక్క. ధరకి 5 ఆప్షన్లు, డెలివరీకి 4, డబ్బు కట్టే గడువుకి 3, పాడైన సరుకు వాపసుకి 3. గుణించండి. 180 వస్తుంది. ఈ నాలుగు విషయాల మీద ఇద్దరు బేరమాడితే, ఈ 180 ప్యాకేజీల్లో ఏదో ఒకదాని దగ్గర బేరం తెగాలి, లేదా తెగకుండానే పోవాలి. మూడో దారి లేదు.

ఇదే ఇన్‌స్పైర్, ఇద్దరు నెట్‌లో బేరమాడుకోవడానికి చేసిన సాఫ్ట్‌వేర్. కెనడాలో, ఒట్టావాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో, 1996లో వెబ్‌లోకి వచ్చింది. ఒకవైపు సైకిళ్ళు తయారుచేసే సైప్రస్ సైకిల్స్, ఇంకోవైపు విడిభాగాలు అమ్మే ఐటెక్స్ మాన్యుఫాక్చరింగ్. రెండూ కల్పిత కంపెనీలే. ఒక దేశంలో కూర్చున్న విద్యార్థి కొనేవాడు, ఇంకో దేశంలో కూర్చున్న విద్యార్థి అమ్మేవాడు. మొహాలు తెలీవు, పేర్లు తెలీవు. మూడు వారాల గడువు. ధర 3.47 డాలర్ల నుంచి 4.37 డాలర్ల దాకా, డెలివరీ 20 రోజుల నుంచి 60 రోజుల దాకా.

ఇవాళ రివ్యూ మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ మీద కాదు, దాని వెనకున్న టీమ్ మీద. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, నిజం చెప్పాలంటే, కొన్ని ఫారాలు, ఒక గ్రాఫు, కొంచెం లెక్క. అప్పట్లో వెబ్‌లో అది గొప్పే. కానీ అది ఇన్నేళ్ళు బతికిందంటే కారణం కోడ్ కాదు. కొనేవాడి చివర ఒక క్లాసు, అమ్మేవాడి చివర ఇంకో దేశంలో ఇంకో క్లాసు ఉండాలి కదా. ఆ రెండో క్లాసుని తెచ్చేవాళ్ళు లేకపోతే ఈ యంత్రం తిరగదు. అందుకే ఇక్కడ 'అంతర్జాతీయ టీమ్' అన్నది పోస్టర్ మీద జెండాలు వేసుకోవడానికి పెట్టుకున్న మాట కాదు. ఆ టీమే ఈ ప్రయోగశాల. ఇన్‌స్పైర్ అన్న పేరు విప్పినా అదే వస్తుంది: ఇంటర్‌నెగ్ సపోర్ట్ ప్రోగ్రామ్ ఫర్ ఇంటర్‌కల్చరల్ రీసెర్చ్. ఇంటర్‌నెగ్ అంటే ఈ టీమ్ నడిపిన పరిశోధన ప్రాజెక్టు పేరు. 'ఇంటర్‌కల్చరల్' అన్నది పేరులోనే ఉంది.

ఈ టీమ్ మధ్యలో ఉన్న మనిషి గ్రెగరీ కెర్‌స్టెన్ అనే పరిశోధకుడు. ఈయన వెబ్ వచ్చాక మొదలుపెట్టినవాడు కాదు. 1989లోనే స్టాన్ మాట్విన్, స్టాన్ ష్పకోవిచ్ లాంటివాళ్ళతో కలిసి నెగోప్లాన్ అని ఒక ఎక్స్‌పర్ట్ సిస్టమ్ మీద పేపర్ రాశారు. నియమాలు పెట్టి, ఎదుటివాడు ఇలా అంటే మనం అలా అనాలి అని కంప్యూటర్‌తో ఆలోచింపజేసే ప్రయత్నం. ఈ ష్పకోవిచ్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తారు.

ఇన్‌స్పైర్ దగ్గర కెర్‌స్టెన్ పక్కన సునీల్ నొరోన్హా. వీళ్ళిద్దరి 1999 పేపర్ ఇప్పటికీ ఈ రంగంలో అందరూ ఎత్తి చూపించేదే. అంతకుముందు 1997లో వీళ్ళ పని ఆస్ట్రియాలోని లక్సెన్‌బర్గ్‌లో ఉన్న ఐ-ఐ-ఎ-ఎస్-ఎ సంస్థ తరఫున కూడా వచ్చింది. ఈ సంస్థ సంగతి ఒక్క నిమిషం. కోల్డ్ వార్ నడుస్తుండగా, 1972లో, అమెరికా శిబిరం, సోవియట్ శిబిరం ఒకే బల్ల దగ్గర సైన్స్ చేద్దామని పెట్టుకున్న సంస్థ అది. దేశాల మధ్య చర్చలు ఎలా తెగుతాయి, ఎక్కడ తెగవు అని అక్కడ విడిగా ఒక కార్యక్రమమే నడిచింది. బేరాల మీద పరిశోధనకి అంతకంటే తగిన చోటు ఇంకోటి తట్టదు నాకు.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం, టీమ్ పని అక్కడే అర్థమవుతుంది. మీరు కొనేవాళ్ళు అనుకోండి. బేరం మొదలవకముందే సిస్టమ్ మీ చేతిలో 100 పాయింట్లు పెడుతుంది. నాలుగు విషయాలకీ పంచమంటుంది. ధరకి 40, డెలివరీకి 35, మిగతా రెండింటికీ కలిపి 25 అనుకుందాం. తర్వాత ఒక్కో ఆప్షన్‌కీ మార్కులు. ఆ తర్వాత కొన్ని ప్యాకేజీలు చూపించి, 'వీటికి ఇంత విలువ వచ్చింది, నిజంగా మీకు అంతేనా?' అని అడుగుతుంది. చాలామంది అక్కడ ఆగుతారు. నోటితో ధరే ముఖ్యం అంటాం, తీరా చూస్తే 60 రోజుల డెలివరీ కనిపించగానే మనసు ఒప్పదు. ఆ తేడాని బయటికి లాగడమే ఈ దశ పని.

ఇక ఆఫర్లు. మీరు పంపే ప్రతి ఆఫర్‌కీ, ఎదుటివాళ్ళు పంపే ప్రతి ఆఫర్‌కీ మీ లెక్కలో ఎన్ని మార్కులో కనిపిస్తుంది. వాళ్ళ లెక్క మాత్రం మీకు కనిపించదు. పక్కన గ్రాఫులో రెండు గీతలు, దగ్గరికొస్తున్నాయా దూరం పోతున్నాయా అని. ఒప్పందం కుదిరాక ఒక మలుపు ఉంది, నాకు బాగా నచ్చింది ఇదే. ఇద్దరి మనసూ తెలిసినది సిస్టమ్ ఒక్కటే కదా. అది చూసి చెబుతుంది: 'మీరు కుదుర్చుకున్నది బాగానే ఉంది, కానీ ఇద్దరిలో ఎవరికీ నష్టం లేకుండా, కనీసం ఒకరికి ఇంకా లాభముండే ప్యాకేజీలు ఇవిగో' అని. కావాలంటే మళ్ళీ కూర్చోవచ్చు. బేరం తెగాక మళ్ళీ కూర్చోవడం అంటే మనిషి మనసుకి కష్టమే, అది వేరే సంగతి.

ఇదంతా నడుస్తుంటే ప్రతి ఆఫర్, ప్రతి సందేశం రికార్డవుతోంది. ఇక ఆ డేటా ఎవరి చేతికి వెళ్తే వాళ్ళు దాంట్లో తమకి కావలసింది వెతికారు. వియన్నా యూనివర్సిటీలో సబీనె కోసెగి, రుడాల్ఫ్ వెచెరా సంస్కృతి వైపు నుంచి చూశారు. మాటల్లో చెప్పనిది కూడా అర్థం చేసుకోవాలనుకునే సంస్కృతులవాళ్ళు, అన్నీ నోటితో చెప్పేసే సంస్కృతులవాళ్ళు అని రెండు రకాలుంటాయి కదా. మొదటి రకం వాళ్ళు సందేశాలూ ఆఫర్లూ ఎక్కువ పంపుతున్నారని తేలింది. నాకైతే సహజమే అనిపించింది. మొహం కనపడకపోతే, కళ్ళతో చెప్పేదంతా టైపు చేయాల్సిందే మరి.

తైవాన్‌లో హ్సియాంగ్‌చూ లాయ్ వాళ్ళు, కెర్‌స్టెన్‌తో కలిసి, 2006లో ఇంకో కోణం పట్టుకున్నారు. సహకరించే ధోరణి తక్కువున్నవాళ్ళు ఆఫర్లు ఎక్కువ పంపుతారట, సందేశాలు తక్కువ. పైగా బేరం తమ చేతుల్లో లేదని వాళ్ళకే ఎక్కువ అనిపిస్తుందట. ఇది ఒకటికి రెండుసార్లు వినండి. బెట్టు చేసేవాడి చేతిలో పగ్గాలు ఉంటాయని మనం అనుకుంటాం. వాడికే పగ్గాలు జారిపోతున్నట్టు ఉంటుంది. ఈ మొత్తం ప్రాజెక్టులో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఈ ముక్కే ఉంచుకుంటాను.

ఇప్పుడు ష్పకోవిచ్. మరీనా సొకొలోవా, వివి నస్తాసేలతో కలిసి ఆ సందేశాల మీద పడ్డారు. రెండు వేలకు పైగా బేరాల్లో మనుషులు రాసుకున్న మాటలు. వాళ్ళ ప్రశ్న: ఏ మాటలు వాడారో చూసి, బేరం తెగుతుందో లేదో మెషీన్ లెర్నింగ్‌తో చెప్పగలమా? చాట్‌బాట్లు లేని రోజుల్లో అడిగిన ప్రశ్న ఇది. డేటా ఎంత చిందరవందరో ఊహించండి. రాసినవాళ్ళలో చాలామందికి ఇంగ్లిష్ సొంత భాష కాదు. స్పెల్లింగు తప్పులు, సగంలో ఆగిన వాక్యాలు. 180 గళ్ళ శుభ్రమైన పట్టిక పక్కన ఈ చెత్తంతా ఉంది, అసలు మనుషులున్నది ఈ చెత్తలోనే.

నా పేచీ కూడా ఇక్కడే. ఇన్‌స్పైర్‌లో ఆఫర్ ఒక పెట్టెలో, మాట ఇంకో పెట్టెలో. నిజమైన బేరంలో అవి విడిపోవు. 'ధర తగ్గించు, వాపసు సంగతి తర్వాత చూద్దాం' అంటే అది ఆఫరా, మాటా? జర్మనీలో మరైకె షూప్ టీమ్ చేసిన నెగోయిస్ట్ అనే ఇంకో బేరాల సాఫ్ట్‌వేర్ సరిగ్గా దీన్నే పట్టుకుంది. అందులో పంపే ప్రతి సందేశానికీ ఇది ఆఫరా, ఎదురు ఆఫరా, ప్రశ్నా, వివరణా అని ముద్ర వేయాలి. సందేశంలోని మాటని బేరంలోని విషయానికి ముడివేయాలి. వాడేవాళ్ళకి కొంచెం చాకిరీ, ఒప్పుకుంటాను. కానీ తర్వాత 'నేనలా అనలేదు' అనడానికి వీలుండదు. సిద్ధాంతపరంగా నా ఓటు నెగోయిస్ట్‌కే. వాడమంటే మాత్రం ఇన్‌స్పైరే వాడతాను, బద్ధకం.

ఇంకో లోటు, ఆడినవాళ్ళు చాలావరకు విద్యార్థులు. పోయేది అసైన్‌మెంట్ మార్కులే, సొంత డబ్బు కాదు. నిజంగా సరుకు కొనే మనిషి ఐదో విషయం ఒకటి మధ్యలో తెచ్చి బల్ల మీద పెడతాడు. ఇక్కడ ఆ వీలు లేదు. ఫలితాలు చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి.

తర్వాత కెర్‌స్టెన్, ఇంటర్‌నెగ్ మాంట్రియల్‌లోని కాంకోర్డియా యూనివర్సిటీకి మారాక పని పెద్దదైంది. రుస్తమ్ వాహిదోవ్, బో యు లాంటివాళ్ళు చేరారు. ఇన్‌వైట్ అనే వేదిక మీద ఒకటి కాదు, రకరకాల బేర వ్యవస్థలు నడిచాయి. పక్కన కూర్చుని సలహా చెప్పే సాఫ్ట్‌వేర్ ఏజెంట్‌తో ఆస్పైర్ అని ఇంకోటి వచ్చింది. వీటి మీద విడిగా వీడియో చేయాలి, ఇందులో ఇరికిస్తే న్యాయం జరగదు.

చదవాలనుకుంటే 1999 కెర్‌స్టెన్, నొరోన్హా పేపర్‌తో మొదలుపెట్టండి. అది అయ్యాక లాయ్ వాళ్ళది. గణాంకాల పట్టికల దగ్గర ఇరుక్కుపోతే వదిలేసి ముందుకెళ్ళండి, నేనూ మొదటిసారి అదే చేశాను.