ఇటాలియన్ క్రియలకు ట్రెక్కాని డిక్షనరీ: బ్రాకెట్‌లో ఉన్న గీత చూడండి

అందరికీ నమస్తే. ఇటాలియన్ నేర్చుకునేవాళ్ల కోసం ఈరోజు ట్రెక్కాని ఆన్‌లైన్ డిక్షనరీ చూద్దాం. 1925లో రోమ్‌లో మొదలైన సంస్థ ఇది. డిక్షనరీ వెబ్‌సైట్‌లో ఫ్రీగానే దొరుకుతుంది.

స్క్రీన్ మీద 'అబితారె' తెరిచాను, అంటే నివసించడం. బ్రాకెట్‌లో 'ఇయొ ఆబితొ' (నేను నివసిస్తాను) అని ఉంది, మొదటి అచ్చు మీద చిన్న ఏటవాలు గీత కూడా ఉంది. నాకైతే ఈ డిక్షనరీలో అన్నిటికంటే విలువైనది ఆ గీతే. మామూలు రాతలో ఊనిక, అంటే నొక్కి పలకడం, పదం చివర పడితేనే గీత పెడతారు, మధ్యలో పడితే పెట్టరు. అందుకే క్రియల పట్టికలు ఎంత బట్టీ పట్టినా నోరు తిరగదు.

ఈ ఒక్క రూపం తెలిస్తే నాలుగు వచ్చినట్టే. నేను, నువ్వు, అతను, వాళ్లు: ఆబితొ, ఆబితి, ఆబిత, ఆబితనొ. ఊనిక కదలదు. మేము, మీరు అన్నప్పుడే ప్రత్యయం మీదికి జరుగుతుంది: అబిత్యామొ, అబితాతె. కొత్తవాళ్లు 'వాళ్లు' రూపాన్ని 'అబితానొ' అనేస్తారు. అది తప్పండీ. నాలుగు అక్షరాల్లో మొదటిదే నొక్కాలి: ఆ-బి-త-నొ.

ఇక్కడ మన లిపి బాగా పనికొస్తుంది. ఊనిక పడ్డ అక్షరం అచ్చుతో ముగిస్తే ఆ అచ్చు సాగుతుంది, దీర్ఘం పెట్టి రాసుకోవచ్చు. 'కాపితొ' అంటే అనుకోకుండా వచ్చిపడతాను, 'కపీతొ' అంటే అర్థమైంది. 'కపితొ' అని చివర నొక్కితే 'జరిగింది'. ఈ మూడోదాంట్లో మాత్రం దీర్ఘం వద్దు, పదం చివర ఊనిక పడ్డా అచ్చు సాగదు. 'పర్లొ' (మాట్లాడతాను)లోనూ అంతే, ఊనిక పడ్డ అక్షరం అచ్చుతో ముగియకుండా ర్ అడ్డొస్తుంది.

ఊనిక జరిగితే ధాతువే మారే క్రియలూ ఉన్నాయి. కూర్చోవడానికి 'సెదేరె'. నేను అంటే స్యేదొ, మేము అంటే సెద్యామొ, వాళ్లు అంటే మళ్లీ స్యేదొనొ. ధాతువు మీద ఊనిక ఉంటే 'స్యే', లేకపోతే 'సె'. కారణం తెలిశాక బట్టీ పట్టే టెన్షన్ సగం తగ్గుతుంది.

లోపాలా? వివరణ మొత్తం ఇటాలియన్‌లోనే ఉంటుంది, పొట్టి గుర్తులు ఎక్కువ. అబితారె లాంటి క్రియలకు ఒక్క రూపం ఇచ్చి 'మొదలైనవి' అని వదిలేస్తుంది, పూర్తి పట్టిక ఇవ్వదు. అందుకే మొదటి నెలలోనే దీని జోలికి వెళ్లొద్దంటాను. ఎ2 లెవెల్ (భాషా స్థాయిల్లో రెండో మెట్టు) దాటినవాళ్లు మాత్రం ఇప్పుడే 'తెలెఫొనారె', 'పర్తెచిపారె' తెరవండి. 'వాళ్లు' రూపం పైకి పలికి, దీర్ఘం ఎక్కడ పెట్టారో కామెంట్‌లో రాయండి.