రోజుకో రూపాయి: దూబగుంట నుంచి మా అమ్మ పొదుపు పుస్తకం దాకా

అందరికీ నమస్తే. ఈ పుస్తకం చూడండి. (కెమెరా పుస్తకం దగ్గరికి) మా అమ్మ వాళ్ల పొదుపు గ్రూపుది, మాది కావలి దగ్గర పల్లె. వరసకో పేరు, పక్కన అంకె, దాని పక్కన సంతకం. ఇక్కడ రెండో పేజీలో నల్లగా మచ్చలా ఉందే, అది వేలిముద్ర. అదే మనిషి ఏడో పేజీకొచ్చేసరికి సంతకం పెట్టింది, అక్షరాలు గీత దాటి కిందికి జారినా సరే పేరు మొత్తం రాసింది.

సంగతి మొదటినుంచి చెప్తాను. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో చదువులు మొదలయ్యాయి. పగలంతా నాట్లకీ కలుపుకీ పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ వాచకంలో తాగుడు వల్ల సంసారం ఎట్లా గుల్లవుతుందో చెప్పే పాఠం ఒకటుంది. అది చదివాక, కూలి డబ్బుల్లో ఇంటికొచ్చేదెంత, సారా కొట్టుకి పోయేదెంత అని మాటలు మొదలయ్యాయి. కలిగిరి మండలం దూబగుంటలో అవి మాటలతో ఆగలేదు. రోశమ్మ, మిగతా ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. తర్వాత వాళ్ల కథే ఇంకో వాచకంలో పాఠమై ఊరూరా చేరింది. 1992లో జిల్లాలో సారా అమ్ముకునే హక్కు కోసం పెట్టే వేలంపాటల్ని ఆడవాళ్లే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం.

ఇదంతా చాలామందికి తెలుసు, నాకు చెప్పాలనున్నది దీని తర్వాతది. సారా ఆగాక ఇంట్లో మిగిలే డబ్బుని ఏం చేయాలి? మనిషికి రోజుకో రూపాయి దాచుకుందాం అన్నారు. అంతే ఆలోచన. పొదుపు లక్ష్మి అని దానికి పేరొచ్చింది.

(స్క్రీన్ మీద లెక్క) రోజుకు రూపాయి అంటే నెలకు 30, ఏడాదికి 360. ఒక్కరి దగ్గరే ఉంటే పండక్కి చీర కొంటే అయిపోతుంది. 15 మందివి కలిస్తే నెలకు 450, ఏడాదికి 5,400, దాంట్లోంచి అప్పు తీసుకుని ఒకామె గొర్రెని కొనుక్కుంటుంది, ఇంకొకామె బిడ్డని ఆస్పత్రిలో చూపించుకుంటుంది, వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని లేదు, కట్టిన వడ్డీ కూడా మళ్లీ గ్రూపుకే చేరుతుంది.

నెలకు వంద అని పెట్టుంటే మూడో నెలకే సగంమంది మానేసేవాళ్లని నా నమ్మకం. అమ్మనడిగితే, "రూపాయి లేదనడానికి ఎవరికి నోరొస్తుంది అబ్బయ్యా" అంది. పైగా అందరి ముందర కట్టాలి, అందరి ముందర రాయాలి. ఏదో మొదలుపెట్టాలని ఉండి, పెట్టుబడి లేదే అని టెన్షన్ పడుతున్నవాళ్లు మీలో ఉంటే, రేపు పొద్దున మీ చేత అయ్యేదెంతో అంతే పెట్టుకోండి, ఇంకో నలుగుర్ని కూర్చోబెట్టుకోండి, రోజూ రాయండి.

మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. పొదుపు మాత్రం ఆగలేదు.

చివరిగా ఈ పేజీ. అమ్మ కుట్టుమిషను కోసం తీసుకున్న అప్పు, పది వాయిదాలు, ఆఖరి దాని పక్కన 'చెల్లు' అని ఉంది. (కెమెరా ఆ మాట మీదే ఆగాలి) ఆ రాత అమ్మది కాదు. రెండో పేజీలో వేలిముద్ర వేసినామెది, అప్పటికి గ్రూపు లెక్కలు రాసేది ఆమే.