ఓనర్ గల్లా మీది నుంచి లేవకపోతే కంపెనీ పెరగదు, రాసి పెట్టుకోండి!

పోయిన వీడియోల "ఫండింగ్ వస్తే కంపెనీ పెరుగుద్దనుకునుడు వట్టి భ్రమ" అన్నందుకు మస్తు తిట్టిండ్రు. కొత్త కంపెనీలకు జాగ, సాయం ఇచ్చే టీ-హబ్ మొఖం ఎప్పుడన్న చూసినవా భయ్యా అన్నరు. చూసిన. 2015ల గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీల పెట్టినప్పుడు చూసిన, 2022ల రాయదుర్గం పెద్ద బిల్డింగ్‌కి మారినంక కూడా చూసిన. అయినా అదే మాట మీదున్న. ఇయ్యాల ఇంకా గట్టిగ చెప్తా: కంపెనీ పెరగకుండ అడ్డం కూసునేది దాన్ని పెట్టినోడే!

అమీర్‌పేట్‌ల ఒక టిఫిన్ సెంటర్ ఉంది, పేరొద్దు. పొద్దుగాల ఏడింటికి నిలబడనీకి జాగ దొరకదు. ఓనరన్న గల్లా మీద కూసుంటడు. అల్లం చట్నీ కొత్త గిన్నె వస్తే ఆయన వేలితో నాకి తలూపాలె, అప్పుడే బయటికి పోతది. కారప్పొడి డబ్బా గల్లా కింద తాళమేసి ఉంటది, తాళంచెవి మొలతాడుకు, పొడి అయిపోయినప్పుడల్లా అంగీ లేపి తీస్తడు. కూకట్‌పల్లిల రెండో బ్రాంచి పెట్టి ఎనిమిది నెలలకే షట్టర్ దించిండు. ఏమైందే అంటే "పనోళ్లు నమ్మకంగ లేరు తమ్మీ" అన్నడు. అన్నా, కారప్పొడి కొలత వాళ్లకు చెప్పినవా? చెప్పలే! మరి పైసల్లేకనా? బ్యాంకోడు లోన్ ఇస్తనని వెంటపడ్డడు.

ఇది నేను కారప్పొడి తిని చెప్తున్న మాట కాదు. ఎడిత్ పెన్రోజ్ అని ఒక ఆర్థికవేత్త 1959లనే చెప్పింది, కంపెనీ ఎంత స్పీడ్‌గ పెరగొచ్చో తేల్చేది లోపల పని తెలిసిన మేనేజర్ల టైం అని. మేనేజర్ జీతమిస్తే దొరుకుతడు, కానీ మన కంపెనీ గుట్టుమట్లు తెలిసిన మేనేజర్ బజార్ల దొరకడు, ఉన్నోళ్లే పక్కన కూసోబెట్టుకొని నేర్పాలె, నేర్పేటప్పుడు వాళ్ల సొంత పని ఆగుతది, అందుకే ఒక్కపారే పది బ్రాంచీలు తెరిస్తే పదీ ఆగమైతయ్.

ఆన్‌లైన్‌ల పాఠాలు చెప్పే బైజూస్ సంగతి మీకు తెల్వంది కాదు. 2022ల 22 బిలియన్ డాలర్ల కంపెనీ అన్నరు, 2024ల దివాలా కేసు. పైసలు తక్కువైనయా? 2021 ఒక్క ఏడాదిలనే ఆకాశ్, గ్రేట్ లెర్నింగ్, ఎపిక్ అనే కంపెనీలను వరసబెట్టి కొన్నరు. 2021 మార్చితోని అయిపోయిన ఏడాది లెక్కలు 2022 సెప్టెంబర్‌ల గాని బయటికి రాలే, ఏడాదిన్నర! లెక్కలే ఇంత లేటైతే కొన్న కంపెనీలను కలుపుకునేటందుకు మనుషులేరి?

అదే సాఫ్ట్‌వేర్ చేసే జోహో కంపెనీని చూడుండ్రి. 1996ల మొదలైంది, వెంచర్ క్యాపిటల్, అంటే వాటా తీస్కొని కొత్త కంపెనీలల్ల పెట్టే బయటోళ్ల పైసా, ముట్టలే. ఇంటర్ అయిన పిల్లలను తీస్కొని సొంత స్కూల్‌ల నేర్పి కొలువిస్తరు. గదీ కారప్పొడి కొలత చెప్పుడంటే!

సరే, స్కైరూట్ లెక్క రాకెట్లు చేసేటోళ్లకు ముందే పైసలు కావాలె, ఒప్పుకుంటా. చట్నీకి గూడ రాకెట్ లెక్క చెప్తే ఎట్ల?

నా ముచ్చట అంటరా? ఈ వీడియో నేనే రాత్రి రెండింటికి ఎడిట్ చేస్తున్న, ఎవ్వనికీ ఇయ్యలే. నవ్వకుండ్రి.

నిన్న పొద్దున మళ్ల పోయిన టిఫిన్ సెంటర్‌కి. బిడ్డ పెళ్లని అన్న అయిదు రోజులు షట్టర్ దించిండట, గిరాకీ సగం ఎదురుంగ ఉన్న దుకాణానికి పోయి అక్కడ్నే ఆగిపోయింది. తాళంచెవి మాత్రం ఇంకా మొలతాడుకే ఉంది.