ఫోన్‌లో పరకాల బస్సు

శ్రోతలకు నమస్కారం. హన్మకొండ బస్టాండులో పరకాల బస్సు కోసం నిలబడితే, పక్కనున్న ఇంటర్ పిల్లవాడు ఫోన్‌లో అదే పరకాల బస్సు నడుపుతూ కనిపించొచ్చు. ఆ గేమ్ 'బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా'. పేరులోనే ఉంది, మనది కాదని. కానీ బస్సుకు పల్లెవెలుగు రంగులు వేసింది, ముందు తెలుగు బోర్డు పెట్టింది మన కుర్రాళ్లే.

వాళ్లు దాన్ని స్కిన్ అంటారు. బస్సు తోలు విప్పి నేల మీద పరిచినట్టుండే బొమ్మ ఫైల్ అది. ఫొటో ఎడిటింగ్ యాప్‌లో దాని మీద గీతలు, అక్షరాలు, డిపో పేరు అతికిస్తారు. ఓపికున్నవాడైతే బంపర్ దగ్గర గీరుకుపోయిన రంగు కూడా దించుతాడు. సాధారణంగా పైసా రాదు. ఎవరైనా 'సూపర్ అన్నా' అంటే అదే సంబరం.

2024లో టీఎస్ఆర్టీసీ పేరు టీజీఎస్ఆర్టీసీ అయింది. పాత అక్షరాల బస్సుకు ఫొటోలుంటాయి లెండి. స్టీరింగ్ పట్టి నడిపే పాత బస్సు కావాలంటే మాత్రం ఈ ఫైళ్లే దిక్కు.

మరి అవి ఉండేదెక్కడ? చాలావరకు ఎవరిదో గూగుల్ డ్రైవ్ లింకులో. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023లోనే చెప్పింది. చేసినవాడు ఉద్యోగానికని హైదరాబాద్ పోయి పాత మెయిల్ మరిచిపోతే లింకు గల్లంతే.

కంపెనీలు దాచిపెడతాయా అంటే, నాకు ఆ ఆశ లేదు. అర్జెంటీనాకు చెందిన ఒక అభిమాని ఏళ్ల తరబడి కష్టపడి పాత 'మెట్రాయిడ్' గేమ్‌ను కొత్తగా తయారుచేసి 2016 ఆగస్టులో విడుదల చేస్తే, అసలు గేమ్ కంపెనీ నింటెండో వెంటనే డౌన్‌లోడ్ లింకులు తీయించేసింది. హక్కులు వాళ్లవి, కాదనలేం. అయినా ఆ గేమ్ బతికింది, అప్పటికే దింపుకున్నవాళ్ల కంప్యూటర్లలో.

ఒకప్పుడు నెట్ సెంటర్లలో ఆడిన ఫ్లాష్ గేములు గుర్తున్నాయా? వాటిని నడిపించే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ కంపెనీ సపోర్ట్ ఆపేసింది. అంతకుముందే 'ఫ్లాష్‌పాయింట్' పేరుతో కొందరు ఔత్సాహికులు వాటిని పోగేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు లక్షకు పైగా గేములు, యానిమేషన్లు అందులో ఉన్నాయి. వాళ్ల తెలివంతా ఒక్కచోట ఉంది: గేమ్‌తో పాటు దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌నూ దాచారు.

మన బస్సులకూ అదే చేయాలి. గేమ్ అప్‌డేట్ అయితే పాత ఫైల్ సరిగా కూర్చోకపోవచ్చు. అందుకే ఫైల్ పక్కనే గేమ్ వెర్షన్ నంబరు, చేసినవాడి పేరు, నెల, సంవత్సరం రాసిపెట్టమని మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఇంకోటి హార్డ్ డిస్క్‌లో, మూడోది స్నేహితుడి దగ్గర. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఏళ్లకేళ్లు సొరుగులో పడుంటే అందులోని డేటా కూడా పోవచ్చు.